ఏడాది పనికి ఎనిమిది వారాలు!

చింతపండు గింజ తీయాలి. కారం పట్టించాలి. వడియాలు పెట్టాలి. ఇంటిపన్ను కట్టాలి. పెళ్లిళ్లకు వెళ్లాలి. మధ్యలో ఆఫీసు ఉండనే ఉంది! ఉగాది దాటిందంటే చాలు... తెలుగిళ్లలో గడియారం ముల్లు జోరందుకుంటుంది. ఆ జోరుకు ఇంట్లో ఎవరు పరుగెడుతున్నారు? ఎవరు చూస్తూ కూర్చుంటున్నారు?

సంవత్సరం మొత్తంలో ఇంటికి ఊపిరాడని రోజులేవి అంటే చాలామంది సంక్రాంతి అనో దసరా అనో చెబుతారు. నిజానికి పండగ పని నాలుగు రోజుల్లో తేలిపోతుంది. మార్చి చివర్లో మొదలై మే నెలాఖరు దాకా సాగే వేసవి పని అలా కాదు. ఇది ఏడాదికి సరిపడా చేసి పెట్టుకునే పని. అలాగని రోజువారీ వంటా వార్పూ ఆగవు. రెండూ ఒకేసారి నడవాలి. అక్కడే వస్తుంది చిక్కంతా!

అన్నీ ఇప్పుడే ఎందుకు?

ఎవరో పెట్టిన నియమం కాదిది. పొలమూ ఎండా కలిసి రాసిన టైంటేబులు. కందులు జనవరి, ఫిబ్రవరిల్లో ఇంటికొస్తాయి. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లకు కొత్త పసుపు కొమ్ములు చేరేదీ ఆ తర్వాతే. గుంటూరు మిర్చి యార్డు ఎర్రబడేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. చింతచెట్లు దులిపేదీ ఈ రోజుల్లోనే. ఏప్రిల్ ఆఖరుకు పచ్చడి మామిడికాయ పీచు కట్టి, టెంక గట్టిపడుతుంది. అంటే పప్పు, పసుపు, కారం, చింతపండు, ఆవకాయ... వంటింటి అరల్లో ఏడాది పొడవునా ఉండాల్సినవన్నీ ఒకదాని వెనక ఒకటి గుమ్మం ముందు నిలబడతాయి.

ఇక ఎండ సంగతి. ఏది నిలవ ఉండాలన్నా ముందు తడి పోవాలి. చింతపండును ఎండబెట్టి, గింజా ఈనే తీసి, ఉప్పు వేసి జాడీకెత్తాలి. కందిపప్పు ఎండలో పోసి, ఆముదం పట్టిస్తే పురుగు చేరదు. మిరపకాయ గలగలమంటేనే మర దగ్గర మెత్తగా నలుగుతుంది. గుమ్మడి వడియాలకూ చల్లమిరపకాయలకూ నాలుగు మంచి ఎండలు కావాల్సిందే.

ఆ ఎండకూ గడువుంది. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఎండలంటారు కానీ ఈదురుగాలులూ అకాల వర్షాలూ ఆ రోజుల్లో మామూలే. జూన్ 8 ప్రాంతంలో మృగశిర. ఆ తర్వాత డాబా మీద ఆరబోసినదేదైనా దేవుడి మీద భారం వేయాల్సిందే! లెక్క కట్టి చూస్తే చేతిలో ఉండేది ఎనిమిది, తొమ్మిది వారాలు.

ఎండకు తోడు క్యాలెండరు

ఒకప్పుడు ఈ రోజుల్లో ఇంటికి ఇంకో పని ఉండేది కాదా అంటే ఉండేది. కానీ ఇన్ని ఉండేవి కావు. మార్చిలో ఇంటరు పరీక్షలు, వాటి వెనకే పదో తరగతి. పరీక్ష రాసేది పిల్లలే అయినా తెల్లవారుజామున లేచేది ఇల్లంతా. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. పొద్దున్నే టిఫిను పెట్టి పంపాలి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చే పిల్లలకు తలుపు తీసే మనిషి ఉండాలి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో ఇదో పెద్ద లెక్క.

మార్చి 31కి ఆఫీసుల్లో ఖాతాల ముగింపు. బ్యాంకుల్లోనూ అకౌంట్స్ విభాగాల్లోనూ పనిచేసేవాళ్లకు ఆ పది రోజులు ఇల్లు గుర్తుండదు. ఏప్రిల్‌లో ఇంటిపన్ను. ఏడాది మొత్తం ఆ నెలలోనే కట్టేస్తే 5 శాతం రాయితీ అని హైదరాబాద్‌లో ఏటా చెబుతూ వస్తున్నారు కాబట్టి అదీ వదులుకోబుద్ధి కాదు. మూఢం లేకపోతే చైత్ర, వైశాఖాల్లో పెళ్లిళ్ల జోరు. అటువైపు ఒకటి, ఇటువైపు రెండు. ఏప్రిల్ చివరి వారంలో సెలవులిచ్చాక పిల్లలు ఇంటి నిండా. జూన్ రెండో వారంలో బడి తెరిచే సరికి ఫీజులూ పుస్తకాలూ సిద్ధం కావాలి.

పని తగ్గలేదు, చేతులు తగ్గాయి

పాతకాలం ఇళ్లలో ఈ పని తేలిగ్గా అయిపోయేదని కాదు, పంచుకునేవాళ్లు ఉండేవారు. అమ్మమ్మ కొలత చూసేది. పెద్దమ్మా పిన్నీ చింతపండు ముందేసుకుని కబుర్లాడుకునేవారు. మామిడికాయ కొట్టే కత్తి మగవాళ్ల చేతిలో ఉండేది. కాకులు రాకుండా వడియాలకు కాపలా పిల్లల వంతు. ఇరుగమ్మ ఇంట్లో అప్పడాలంటే పొరుగమ్మ కర్ర పట్టుకుని వెళ్లేది.

ఇప్పుడు ముగ్గురో నలుగురో ఉండే ఫ్లాటు. డాబా తాళం వాచ్‌మన్ దగ్గర. పని మాత్రం అలాగే ఉంది, పైగా ఒకరి మీదే పడింది. ఇది ఊహ కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో ఇంటిపనిలో చేయి పెట్టే మహిళ రోజుకు సగటున 299 నిమిషాలు అందులోనే గడుపుతోంది. పురుషుడు 97 నిమిషాలు. 2024లో మళ్లీ లెక్క తీస్తే ఆమెకు 289, ఆయనకు 88. ఆమె పని పది నిమిషాలు తగ్గిందని సంతోషించేలోగా ఆయనదీ తొమ్మిది నిమిషాలు తగ్గింది! పైగా ఇది ఏడాది సగటు. వేసవిలో జాడీల పని వేరే.

'అన్నీ బజార్లో దొరుకుతున్నాయిగా, ఎందుకీ పాట్లు' అనడం తేలికే. పాట్లు పడేవాళ్లకు కావాల్సింది ఆ సలహా కాదు. పక్కన కూర్చుని గింజ తీసే ఇంకో జత చేతులు.

ఏది ముందు? ఏది తర్వాత?

పనులన్నీ ఒకే వరసలో పెట్టుకుంటే గుండె గుభేలుమంటుంది. గడువు ఉన్నవీ లేనివీ విడదీస్తే సగం బరువు దిగుతుంది.

పచ్చడి మామిడికాయ ఎవరి కోసమూ ఆగదు. రెండు వారాలు ఆలస్యమైతే పండుబారుతుంది. దాని కోసం ఓ ఆదివారం ముందే ఖాయం చేసుకోవాలి. ఆ రోజు పెళ్లి ఉంటే ఇద్దరిలో ఒక్కరు వెళ్లొస్తే చాలు. వడియాలకు గడువు ఉంది కానీ అన్ని రకాలూ ఒకే ఏడాది పెట్టాలని లేదు. అటక దులపడం, బీరువా సర్దడం, పాత కాగితాలు వెతకడం లాంటివి వానల్లోనూ చేసుకోవచ్చు. వాటిని నిశ్చింతగా జూన్‌కి నెట్టేయండి.

కొలతలూ మారాలి. పది మంది తిన్న రోజుల్లో యాభై కాయలు పెట్టేవారు. ముగ్గురున్న ఇంటికి పది కాయలు చాలు. రెండు ఫ్లాట్లవాళ్లు కలిస్తే ఒకరింట్లో ఆవకాయ, ఇంకొకరింట్లో మాగాయ పెట్టి పంచుకోవచ్చు.

ఇక పంపకం. పదేళ్ల పిల్లాడు చింతపండు గింజ తీయగలడు, మిరపకాయల తొడిమలు తుంచగలడు. సెలవులే కదా! కాయలు కడిగి తడి లేకుండా తుడవడం, మార్కెట్లో ముక్కలు కొట్టించడం, జీడి తీసి లోపలి పొర గీకడం... వీటిలో ఏదీ రానివాళ్లు లేరు. ఇంటిపన్నూ బడి ఫీజూ ఫోనులోనే కట్టొచ్చు. మూడో రోజు ఆవకాయ తిరగకలిపి నూనె చూసే బాధ్యత కూడా ఒకరికి అప్పగిస్తే సరి. తడి గరిటె తగిలితే బూజు పడుతుందన్న సంగతి ఒక్కసారి చెబితే చాలు, జన్మలో మరిచిపోరు.

'అమ్మ చేతి ఆవకాయ' అని లొట్టలేస్తూ చెప్పుకోవడం మనకు అలవాటు. అది మెచ్చుకోలే. కానీ ఆ జాడీలో పడ్డవి ఒక్క అమ్మ చేతులేనన్న లెక్క కూడా అందులోనే ఉంది. ఈ వేసవిలో జాడీకి వాసెన కట్టే వేళకు ఆ లెక్క మారిందనుకోండి... కొత్తావకాయ కలిపిన మొదటి ముద్ద అమ్మకే తినిపించొచ్చు, ఆమె తీరిగ్గా కూర్చుని ఉంటుంది కాబట్టి!