క్రీ. శ. 1325వ సంవత్సరము

పంచాంగకర్తలు రాబోవు సంవత్సరపు ఫలమును ముందుగా చెప్పుదురు. నేనీనాడు గతించిన యొక సంవత్సరపు ఫలమును చెప్పబూనితిని. అది క్రీ. శ. 1325. ఆ యేటి యుగాదితో శాలివాహన శకము 1247, క్రోధన నామ సంవత్సరము ప్రారంభమైనది.

అప్పటికి రెండేండ్లకు ముందు, 1323లో, ఓరుగల్లును గైకొని కాకతీయ రాజ్యమును రూపుమాపినవాడు ఉలుగ్ ఖాను. అతడు ఢిల్లీ సుల్తానగు గియాసుద్దీన్ తుగ్లక్ కుమారుడు. 1325 ప్రారంభమున గియాసుద్దీను వంగదేశ దండయాత్రనుండి మరలివచ్చుచుండగా, కుమారుడు ఢిల్లీ చేరువను అఫ్ఘాన్‌పురమున కొయ్యమంటపము కట్టించి విందు చేసెను. విందు ముగిసిన కొలదిసేపటికే మంటపము కూలి సుల్తాను మరణించెను. కుమారుడు మహమ్మద్ బిన్ తుగ్లక్ అను పేర సింహాసన మెక్కెను.

ఆ వసంతముననే ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా యను మహాభక్తుడును, కొన్ని నెలలకు అతని శిష్యుడును మహాకవియునగు అమీర్ ఖుస్రోయు పరమపదించిరి. గురుశిష్యుల సమాధులు నేటికిని ఒక్కచోటనే యున్నవి.

ఆ యేటి జూను నెలలో ఆఫ్రికా ఖండపు వాయవ్యమూలనున్న టాంజియరునుండి ఇబ్న్ బతూతా యను 21 యేండ్ల యువకుడు ఒంటరిగా మక్కాయాత్రకు వెడలెను. అతడు స్వదేశము చేరుసరికి 24 యేండ్లు గడచినవి. మహాసముద్రమున కావల, నేటి మెక్సికో నగరమున్న తావున, ఒక సరోవరపు దీవిలో టెనోక్టిట్లాన్ అను పట్టణము ఆ సంవత్సరముననే పుట్టినదని ఆజ్టెక్ జాతివారి సంప్రదాయము.

టాంజియరు యువకుడు పిమ్మట ఢిల్లీ చేరి, ఆ క్రొత్త సుల్తానువద్దనే ఖాజీ పదవి నందెను. మంటపము కుట్రచే కూలినదని, ఏనుగులను నడిపించి దానిని పడగొట్టిరని అతడు వ్రాసెను. అతడు కన్నులార చూచినవాడు కాడు; అచ్చటనున్న యొక పెద్దవలన విన్నవాడు. పిడుగు పడి కూలినదని బరనీ యను చరిత్రకారుడు వ్రాసెను. ఇతడు మహమ్మదు కొలువున పదునేడేండ్లు మెలగినవాడు.

అయ్యలారా, గ్రామమున తగవులు విచారించు మీకు సాక్షుల తీరు క్రొత్త కాదు. ఒకడు దూరమునుండి విన్నవాడు; ఒకడు ఉప్పు తిన్నవాడు. ఇరువురి మాటయు వినవలసినదే. ఏ యొక్కని మాటపైనను తీర్పు చెప్పరాదు. పితృహత్య యను నింద అల్పమైనది కాదు గదా! చరిత్ర చదువునప్పుడు ఏమి జరిగినదని యడుగుటకు ముందు, చెప్పువాడు ఎచట నిలిచి చెప్పుచున్నాడో యడుగుడు. ఆ సంవత్సరము మనకు మిగిల్చిన ఫల మిదియే.