తొలి పాఠం కొలతే

హిందూపురం: పట్టు దారం తీయడం, చీర నేయడం, కారు విడిభాగాలు బిగించడం - మూడూ వేర్వేరు వృత్తులు. అయితే హిందూపురం, ధర్మవరం, పెనుకొండ ప్రాంతాల్లో ఈ పనులు నేర్చుకునే వారందరికీ తొలి పాఠం ఒక్కటే. అది కొలత.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు పేరుపొందింది. సమీపంలోని కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. దారం తీసేవారు ముందుగా తెలుసుకోవలసినది డెనియర్. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. కొన్ని గూళ్ల పోగులు కలిస్తేనే ఒక దారం. నడుమ ఒక పోగు తెగి, వెంటనే మరొకటి అందించకపోతే దారం అక్కడ సన్నబడుతుంది.

ఆ లోపం మగ్గం మీద బయటపడుతుంది. ధర్మవరంలో నేతపని నేర్చే పిల్లలకు ఓనమాలు పడుగు పోగుల లెక్కే. ఒక్క పోగు తప్పినా చీర పొడవునా గీత కనిపిస్తుంది.

పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయింది. ఫ్యాక్టరీ పనికి దారి చూపే ఐటీఐలలో ఫిట్టర్ విద్యార్థి ఆకురాయితోపాటు వెర్నియర్ కాలిపర్ పట్టడం నేర్చుకుంటాడు. మిల్లీమీటరులో 50వ వంతు వరకు అది చూపగలదు. ఇనుప ముక్క ఎక్కువ అరిగిందా, తిరిగి పెరగదు.

తేడా ఒక్కటే. ఫిట్టర్‌కు పరీక్ష, సర్టిఫికెట్ ఉన్నాయి. మగ్గం గుంతలో తండ్రి పక్కన కూర్చుని లెక్క నేర్చిన పిల్లవాడికి ఏ కాగితమూ రాదు. మగ్గం విడిచి ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడిన రోజున అతడు ఏమీ రానివాడి కిందే లెక్క. పని అనుభవాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. అది ప్రతి మగ్గం ఇంటికీ చేరాలి.