అరగడం వేరు, గుల్లబారడం వేరు

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రైలు దారిలో తిల్దా వస్తుంది. ఊళ్లో రైస్ మిల్లులు, పక్కనే బైకుంఠ్‌లో సిమెంటు ఫ్యాక్టరీ. ఇలాంటి చోట హమాలీ నడుమే ఇంటిల్లిపాదికీ ఆధారం. సిమెంటు బస్తా 50 కిలోలు. ఇరవై దించితే టన్ను. మన గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. మగ కార్మికుడి మీద 55 కిలోలకు మించిన బరువు పెట్టకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది.

ఇలా బరువులు మోసినవాడికి యాభై దాటాక నడుము పట్టేస్తే అందరూ చెప్పే మాట ఒకటే: "ఎముకలు అరిగిపోయాయి." ఆ మాటలో రెండు జబ్బులు కలిసిపోతున్నాయి. అరిగేవి వెన్నుపూసల మధ్య డిస్కులు, కీళ్లలోని మృదులాస్థి. గుల్లబారేది ఎముక. అరుగుదల నొప్పి పెట్టవచ్చు. గుల్లబారిన ఎముక మాత్రం విరిగేదాకా నోరెత్తదు. అందుకే నడుము నొప్పికి కాల్షియం మాత్రలు కొని మింగితే ఆ నొప్పి తగ్గదు.

ఎముక సాంద్రతను డెక్సా స్కాన్‌తో కొలుస్తారు. ఆరోగ్యవంతులైన యువత సగటుతో పోల్చి టి-స్కోరు ఇస్తారు. −1 వరకు మామూలే. −1 కంటే తగ్గి −2.5కి చేరకపోతే ఎముక పలచబడినట్టు. −2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే గుల్లబారినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఈ గీతలు గీసింది ముట్లుడిగిన స్త్రీల కోసం. తర్వాత 50 దాటిన మగవాళ్లకూ ఇవే వాడుతున్నారు. ఇది ఆడవాళ్ల జబ్బన్న నమ్మకం మాత్రం మన ఇళ్లలో అలాగే ఉండిపోయింది. ప్రపంచవ్యాప్తంగా 50 దాటిన ప్రతి ఐదుగురు మగవాళ్లలో ఒకరికి ఈ కారణంగా ఎముక విరుగుతుందని అంచనా. వెన్నుపూసలు కుంగి విరిగినప్పుడు మూడింట రెండు వంతులు ఎవరి దృష్టికీ రాకుండానే పోతాయి. "పాత నొప్పేలే" అనుకుని మళ్లీ బస్తా ఎత్తేవాడి విషయంలో నాకు భయం ఇక్కడే.

మగవాళ్ల వెన్ను స్కాన్‌లో ఇంకో చిక్కుంది. వయసుతో వెన్నుపూసల అంచుల్లో ఎముక ముళ్లలా పెరుగుతుంది, రక్తనాళం గోడల్లో సున్నం పేరుకుంటుంది. స్కాన్ వాటినీ సాంద్రత కిందే లెక్కేస్తుంది. లోపల ఎముక బలహీనంగా ఉన్నా అంకె బాగానే కనబడుతుంది. అందుకే తుంటి దగ్గరి రీడింగు తప్పక చూడాలి.

సాంద్రత పెరిగినంత మాత్రాన నడుముకు సుఖం రాదని మన నేలే ఎప్పుడో చూపించింది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో నడుము వంగని, మెడ తిరగని మనుషులను వైద్యులు పరిశీలించి ఫ్లోరోసిస్‌ను నమోదు చేశారు. నల్గొండ జిల్లా మర్రిగూడ పల్లెలదీ ఇదే గోడు. నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకను చిక్కబరుస్తుంది, వెన్ను చుట్టూ ఉన్న స్నాయువులను గట్టిపరుస్తుంది. ఎక్స్-రేలో వెన్ను తెల్లగా దట్టంగా కనబడుతుంది. మనిషి మాత్రం మంచం మీద పక్కకు ఒత్తిగిలలేడు. అదే ఫ్లోరైడ్‌ను అమెరికాలో మందుగానూ వాడి చూశారు. 1990లో వెలువడిన ఆ పరిశోధనలో 202 మంది స్త్రీలు. నాలుగేళ్లలో మందు తీసుకున్నవారి నడుము ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మిగతా ఎముకలు విరిగిన ఘటనలు మందు లేనివారిలో 24 అయితే, తీసుకున్నవారిలో 72.

మరి ఏ మగవాడు ఎముక సంగతి పట్టించుకోవాలి? ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాడు, మద్యం, పొగ మానలేనివాడు, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాడు, చిన్న దెబ్బకే మణికట్టు విరిగినవాడు. బరువేమీ ఎత్తకుండానే, దగ్గితేనో వంగితేనో వెన్నులో ఒక్కచోట కత్తిపోటులాంటి నొప్పి వస్తే అది పాత నొప్పి కాదు. కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

పోలీసు సెలక్షన్లకో ఆర్మీకో వెళ్లినప్పుడు కొలిచిన ఎత్తు చాలామంది మగవాళ్లకు ముసలితనంలోనూ గుర్తుంటుంది. గోడకు మడమలు ఆనించి మళ్లీ కొలవండి. 4 సెంటీమీటర్లు తగ్గి ఉంటే, నొప్పి ఉన్నా లేకున్నా, వెన్ను ఎక్స్-రే తీయమని డాక్టరును అడగండి.