తలపైన వేలాడే బరువు

పెనుగొలనులో పెళ్లయినా, గుడి దగ్గర ఉత్సవమైనా ముందు పందిరి లేవాలి. ఒకప్పుడు తాటాకు పందిరి వేసేవాళ్లు. గుంజలు పాతి, వాసాలు కట్టి, పైన ఆకు పరిచేవాళ్లు. ఇప్పుడు టెంటు హౌసు బండి వస్తుంది. ఇనుప గొట్టాలు దిగుతాయి. షామియానా లేస్తుంది. లైట్లు, ఫ్యాన్లు, మైకు పెట్టెలు పైకి ఎక్కుతాయి. వాటి కిందే కుర్చీలు వేస్తారు. వాటి కిందే పిల్లలు ఆడుకుంటారు.

పైన ఏం కట్టారో ఎవరూ తలెత్తి చూడరు. ఏదైనా పడితేనే చూస్తారు.

పట్నాల్లో ఈ పని ఇంకా పెద్దది. పాట కచేరీకి, సినిమా పండగకి వేదిక మీద పెద్ద చట్రం కడతారు. దాన్ని ట్రస్ అంటారు. నాలుగు నిచ్చెనలను పెట్టెలా కలిపి కట్టినట్టు ఉంటుంది. దానికి వందల కిలోల లైట్లు, సౌండు పెట్టెలు వేలాడదీస్తారు. ఈ పనిని రిగ్గింగ్ అంటారు. చేసేవాళ్లు రిగ్గర్లు. పేరు కొత్తదే. పని మాత్రం మన తెలుగువాళ్లకి కొత్త కాదు.

కడప జిల్లాలో సురభి అనే ఊరుంది. 1885లో ఆ ఊళ్లో వనారస గోవిందరావు గారి కుటుంబం ‘కీచక వధ’ నాటకం ఆడింది. వాళ్లు అంతకు ముందు తోలుబొమ్మలు ఆడించుకుంటూ ఊరూరా తిరిగేవాళ్లు. ఆ నాటకంతో సురభి నాటక సమాజం పుట్టింది. పిల్లలు పెరిగారు, కుటుంబాలు పెరిగాయి. సమాజాలు కూడా పెరిగి ఒకప్పుడు ముప్పైకి పైగా అయ్యాయి. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో సురభిలో ఆడవాళ్లే ఆడవేషాలు వేశారు. ఇది చిన్న సంగతి కాదు.

సురభి నాటకం చూసినవాళ్లు కథ కంటే ముందు పైనుంచి దిగే వింతలు చెబుతారు. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. ‘మాయాబజారు’లో ఘటోత్కచుడి మాయలు కళ్ల ముందే జరుగుతాయి. రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. రాజుగారి కోట తెర లేచిపోయి అడవి తెర దిగుతుంది. అంతా క్షణంలో అయిపోతుంది.

ఇందులో మంత్రం లేదు. తాళ్లు, తీగలు, గిలకలు ఉన్నాయి. వేదిక పైన కనపడకుండా మనుషులున్నారు. పాట ఏ చరణం దగ్గరికి వచ్చిందో వాళ్లు వింటారు. సరిగ్గా అప్పుడు తాడు వదులుతారు. ముందే వదిలితే నారదుడు పాట రాకముందే దిగిపోతాడు. చేయి జారితే నారదుడే పడిపోతాడు. సురభి కుటుంబాల్లో వేషం వేసేవాళ్లే తెర లాగుతారు, లైటు వేస్తారు. పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, చూసి చూసి నేర్చుకుంటారు. సురభి బాబ్జీగా పేరున్న రేకందార్ నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 2022లో కన్నుమూశారు. హైదరాబాదులో శేరిలింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది.

ఇక తాడు సంగతి.

బావి గిలక అందరికీ తెలుసు. 20 కిలోల నీళ్ల బిందెను గిలక మీంచి చేదితే ఎంత బలం కావాలి? 20 కిలోల బలమే కావాలి. గిలక బరువు తగ్గించదు. కిందికి లాగడం సులువు, అంతే. మరి గిలకను మోసే దూలం మీద ఎంత బరువు పడుతుంది? చాలామంది 20 కిలోలే అంటారు. కాదు. బిందె బరువు 20. కింద నుంచి లాగే చేతి బలం ఇంకో 20. మొత్తం 40 కిలోలు. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఈ లెక్కలోనే. దూలం 30 కిలోలకు చాలుతుంది కదా అనుకుంటారు. లాగేసరికి విరుగుతుంది.

ఇంకో లెక్క. ఇది ఇద్దరు కలిసి చేసి చూడొచ్చు. ఒక తాడు మధ్యలో 20 కిలోల బిందె కట్టాలి. ఇద్దరూ చెరో కొస పట్టుకోవాలి. దగ్గర దగ్గరగా నిలబడితే ఒక్కొక్కరి మీద 10 కిలోలు పడుతుంది. ఇప్పుడు ఇద్దరూ దూరం జరగాలి. బిందె పైకి లేస్తుంది. చేతులు గుంజేస్తాయి. బిందె పెరగలేదు, నీళ్లు పెరగలేదు. బరువు మాత్రం పెరిగింది! ఒక్కో పక్క తాడు 2 మూరలు ఉండి, బిందె 1 మూర మాత్రమే కిందికి దిగి ఉంటే ఒక్కొక్కరి మీద 20 కిలోలు పడుతుంది. అర మూరే దిగి ఉంటే 40 కిలోలు. తాడును పూర్తిగా చదునుగా లాగడం ఎవరి వల్లా కాదు. బట్టలు ఆరేసే తాడు బిగుతుగా కట్టి, తడి దుప్పటి వేస్తే పుటుక్కున తెగేది ఇందుకే. ఉయ్యాల తాళ్లు నిలువుగా ఉంటాయి కాబట్టే ఏళ్ల తరబడి ఆగుతాయి.

తాడుకు ముడి వేస్తే ఆ చోట బలం తగ్గుతుంది. కొన్ని ముళ్లకు సగం దాకా పోతుంది. ఎండలో పడేసిన నైలాన్ తాడు చూడటానికి బాగానే ఉంటుంది, లోపల పొడిబారి ఉంటుంది. అందుకే 1000 కిలోల దగ్గర తెగే ఇనుప తాడు మీద 200 కిలోలకు మించి వేయరు. అంటే ఐదో వంతు. మనుషులను వేలాడదీస్తే పదో వంతే. అంటే 100 కిలోలు. మిగతా బలమంతా వృథా అని కొందరు యజమానులు గొణుగుతారు. అది వృథా కాదు, కింద కూర్చున్నవాళ్ల ప్రాణం.

2024 జనవరిలో హైదరాబాదు దగ్గర ఫిలిం సిటీలో ఒక కంపెనీ పాతికేళ్ల పండగ చేసుకుంది. కంపెనీ పెద్దలు ఇద్దరు ఇనుప పంజరంలో నిలబడి పైనుంచి వేదిక మీదికి దిగుతున్నారు. చప్పట్లు కొడుతున్నారు. ఒక పక్క తీగ తెగింది. ఇద్దరూ కింద పడ్డారు. కంపెనీ అధిపతి చనిపోయాడు. ఒక తీగ తెగినా పట్టుకునేలా రెండోది ఉండాలి. రిగ్గింగులో ఇది మొదటి పాఠం. పెద్ద లైటుకు కొక్కెం ఉన్నా, పక్కన ఇంకో సన్న ఇనుప తాడు చుడతారు. కొక్కెం జారితే లైటు ఆ తాడుకు వేలాడుతుంది.

గాలి సంగతి కూడా ఉంది. 2011 ఆగస్టు 13న అమెరికాలో ఇండియానా అనే చోట పాట కచేరీకి జనం చేరారు. ఈదురుగాలి వచ్చింది. వేదిక పైకప్పు జనం మీద కూలింది. ఏడుగురు చనిపోయారు. పైన కప్పిన గుడ్డ పడవ తెరచాపలా గాలిని పట్టేసుకుంటుంది. మే నెలలో మన దగ్గర వచ్చే గాలివానకు షామియానా ఎగిరేది కూడా ఇలాగే. గాలి లేచిందంటే ముందు మనుషులను బయటికి పంపాలి. షామియానా సంగతి తర్వాత.

కరెంటు తీగలు సరేసరి. 2022 ఏప్రిల్‌లో తమిళనాడులో తంజావూరు దగ్గర రథం కరెంటు తీగకు తగిలి 11 మంది చనిపోయారు. ఇనుప గొట్టం నిలబెట్టే ముందు తల పైకెత్తి చూడటానికి ఒక్క నిమిషం పట్టదు.

ఈ పని ఎలా నేర్చుకుంటారు? మొదటి రోజే పైకి ఎక్కించరు. ఎక్కిస్తే ఆ మేస్త్రీ మంచివాడు కాదు. ముందు కింద పని. తాళ్లు చుట్టడం, ముళ్లు వేయడం, గొలుసులు తుడిచి చూడటం, సామాను లెక్క రాయడం. కొన్ని నెలలు ఇదే. తర్వాత చెయిన్ పుల్లీ పట్టుకుంటారు. దాంతో ఒక్క మనిషి 500 కిలోలు ఎత్తగలడు. చేయి వదిలినా బరువు కిందికి రాదు. కానీ పైకి మెల్లగా లేస్తుంది. ఓపిక కావాలి. ఆ తర్వాతే భుజాలకు, తొడలకు పట్టీలు కట్టుకుని పైకి ఎక్కడం. ఉత్త నడుము పట్టీ చాలదు. పడితే నడుము విరుగుతుంది. పైకి తీసుకెళ్లే పానాకు కూడా తాడు కట్టుకోవాలి. పది మనిషి ఎత్తుల నుంచి జారిన పానా తల పగలగొడుతుంది.

చదువు ఇక్కడ పనికొస్తుంది. ప్రతి కొక్కెం మీద, గొలుసు మీద చిన్న రేకు ఉంటుంది. ఎంత బరువు మోస్తుందో టన్నుల్లో రాసి ఉంటుంది. 1 టన్ను అంటే 1000 కిలోలు. 50 కిలోల బియ్యం బస్తాలు 20 అన్నమాట. రేకు మీద 0.5 అని ఉంటే అర టన్ను, 500 కిలోలు. మధ్యలో చుక్క చూడకపోతే 5 టన్నులు అని చదువుతారు. పది రెట్లు తేడా. మట్టి పట్టిన రేకు మీద ఆ చుక్క కనపడదు కూడా. తుడిచి చదవాలి. రేకు ఊడిపోయి ఉంటే ఆ కొక్కెం వాడకూడదు.

ఊళ్లో కుర్రాళ్లు పొలం పని లేని రోజుల్లో టెంటు పనికి, లైటింగు పనికి పోతుంటారు. రాత్రంతా కట్టి, మళ్లీ రాత్రంతా విప్పుతారు. ఇంటికొచ్చిన కొడుకుని అమ్మ కూలి ఎంతిచ్చారని అడుగుతుంది. అడగాల్సిందే. “పైకి ఎక్కేటప్పుడు పట్టీ ఇచ్చారా? దాన్ని దేనికి తగిలించావు? కింద జనాన్ని పక్కకు పంపారా?” అని కూడా అడగొచ్చు. “అవన్నీ నీకెందుకమ్మా” అంటే బిందె, తాడు తెచ్చి రెండో కొస వాడి చేతికి ఇవ్వొచ్చు.

ఆడవాళ్లు ఈ పనికి పోతారా అని అడిగేవాళ్లున్నారు. చెయిన్ పుల్లీ వచ్చాక ఒంటి బలం ఒక్కటే లెక్క కాదు. లెక్క రావాలి, చూపు ఉండాలి, తొందర ఉండకూడదు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఆడవాళ్లు వేదికల మీద ఈ పని చేస్తున్నారు.

పని అయ్యాక విప్పే వేళ ఎక్కువ జాగ్రత్త కావాలి. జనం వెళ్లిపోతారు. అర్ధరాత్రి దాటుతుంది. నిద్ర ముంచుకొస్తుంది. బండి వాడు తొందరపెడతాడు. మంచి మేస్త్రీ అప్పుడు అందరికీ టీ తాగిస్తాడు. ముందు లైట్లు దించుతాడు, తర్వాత పెట్టెలు, ఆ తర్వాతే చట్రం. చివరికి గాలికి ఆపే తాళ్లు విప్పుతాడు.