పక్కవాద్యము

పెడన కలంకారీ అద్దకమునకు పేరు పొందినట్లే, దానికి అనతిదూరమున కృష్ణాతీరమునగల పెదకళ్లేపల్లి, శ్రీకాకుళము సంగీతమునకు పేరు పొందినవి. త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారిది పెదకళ్లేపల్లి. వారి శిష్యులైన పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు శ్రీకాకుళమున జన్మించిరి. పంతులుగారికడ మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానమును, 1926లో జన్మించిన అన్నవరపు రామస్వామి వాయులీనమును అభ్యసించిరి.

కచేరీలో గాయకుడు, వాయులీనము, మృదంగము, వెనుక తంబుర: ఇంతియే మేళము. స్వరములు వ్రాసిన కాగితము ఎవరి యెదుటను ఉండదు. గాయకుడు రాగము నాలపించునపుడు వాయులీన విద్వాంసుడు నీడవలె వెంటనంటి నడచును. అతడు ఆగిన పిమ్మట తాను ఆలపించును. కల్పనస్వరములలో గాయకుడు ఏ పోకడ పోవునో ముందుగా తెలియదు. విని, ఆ క్షణముననే బదులు పలుకవలెను. తొందరపడినచో పాటకు అడ్డు; తడవు చేసినచో సభకు విసుగు. చేతనైన విద్య యెంతయున్నను పాటను మించి వాయింపకుండుట అన్నిటికంటె కష్టము. ఇది చిన్న విద్య యనువారు ఒక్కపూట వాయించి చూడవలెను!

రామస్వామిగారు 1948లో వెలసిన విజయవాడ ఆకాశవాణి కేంద్రమున దీర్ఘకాలము పనిచేసిరి. మృదంగ విద్వాంసులు దండమూడి రామమోహనరావుగారును ఆ కేంద్రమువారే. బాలమురళిగారికి 1971లో పద్మశ్రీ లభించినది. రామస్వామిగారికి అదే బిరుదము 2021లో ప్రకటింపబడెను. అప్పటికి వారికి 94 ఏండ్లు నిండియుండెను.