మన పేరున ఒక వెబ్‌సైటు: తొలి పేజీ పెట్టడం ఎలా?

వెబ్‌సైటు అంటే కంపెనీలకీ సినిమావాళ్లకీ ఉండేది, మనకెందుకని మన క్లాసులో చాలామంది అనుకుంటారు. తెలుగు చదివేవాళ్లకి కంప్యూటరు దూరం అనే మాట కూడా తరచూ వింటుంటాం. ఈ రెండూ నిజం కావు. చిన్న వెబ్‌సైటు పెట్టడానికి డబ్బు అక్కర్లేదు, కంప్యూటర్ డిగ్రీ అక్కర్లేదు, ఫోనూ కాస్త ఓపికా ఉంటే చాలు. పోయిన సెలవుల్లో మా ఊరు మహేంద్రమంగళంలో ఉండగా నేను ఒకటి పెట్టాను. ఏ పని తర్వాత ఏ పని చేయాలో, తెలుగులో రాసేవాళ్లు ప్రత్యేకంగా ఏం చూసుకోవాలో ఇక్కడ వరసగా చెప్తాను.

ముందు: ఎందుకు పెట్టాలి?

ఈ ప్రశ్నకి జవాబు లేకుండా మొదలుపెడితే సైటు రెండో రోజుకే ఆగిపోతుంది. నా జవాబు ఇది.

మాది ధర్మపురి జిల్లా. ఇంట్లో నాన్నవైపు తెలుగు, అమ్మవైపు తమిళం. నాన్నని కన్న మా అవ్వ ఉల్లిపాయని ఎర్రగడ్డ అంటుంది, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటుంది, బంగాళాదుంప ఆమెకి ఉర్లగడ్డ, వేరుశెనగ చెనిక్కాయ, వరిమడి కయ్య. చిత్తూరు, అనంతపురం వైపు అక్కలకి ఈ మాటలు కొత్త కావు. కానీ మా ఇంట్లో వీటిని రోజూ వాడేది అవ్వా నాన్నా నేనూ, అంతే. చిన్నాన్న పిల్లలకి తెలుగు వింటే అర్థమవుతుంది, జవాబు తమిళంలో చెప్తారు, అక్షరాలు అసలు రావు. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, అది మా అమ్మ భాష. బడిలో తెలుగు అక్షరం దిద్దని పిల్లలకి మాత్రం ఇంటివాళ్లే నేర్పాలి. నాకు నాన్న నేర్పాడు. అందరి నాన్నలకీ తీరిక ఉండదు.

అవ్వకి 78 ఏళ్లు. ఆమె మాటలు, ఆమె గొంతుతో సహా, ఆ పిల్లలకి అందే చోట పెట్టాలనుకున్నాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున తెచ్చిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయం మాటలు ఎన్నో ఉన్నాయి. రైతుల నోటినుంచి వాటిని సేకరించడానికి పెద్ద బృందమే పనిచేసింది. ఒక ఇంటి మాటలకైతే మనవరాలు ఒక్కతి చాలు.

మీ కారణం వేరే కావచ్చు. మీ కవితలు, అమ్మ చేసే పచ్చళ్లు, ముగ్గులు, సెమినార్ పేపర్లు, ఏదైనా సరే. ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చాలు.

వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఉన్నాయి కదా?

ఉన్నాయి. కానీ అవి అద్దె ఇళ్లు. ఒకప్పుడు అందరూ వాడిన ఆర్కుట్‌ని 2014లో మూసేశారు. లక్షలమంది సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ని యాహూ 2009లో మూసేసింది. ఇంటివాడు ఖాళీ చేయమంటే సామాను సర్దుకోవాల్సిందే. పైగా స్టేటస్‌లో పెట్టింది ఒక్క రోజే ఉంటుంది, గ్రూపులో పంపింది గుడ్‌మార్నింగ్‌ల కింద పడి కనిపించదు. సొంత సైటులో ఫైళ్లు మన దగ్గరే ఉంటాయి. ఒక చోట మూసేస్తే అవే ఫైళ్లు తీసుకెళ్లి ఇంకో చోట పెట్టుకోవచ్చు.

సైటు అంటే ఏమిటి?

మన గోడపత్రికనే చూడండి. మీరు చదువుతున్న ఈ చార్టు ఉంది, దాన్ని అంటించిన బోర్డు ఉంది, ఆ బోర్డు ఎక్కడుందో చెప్పే గుర్తు ఉంది. వెబ్‌సైటులో కూడా ఈ మూడే. చార్టు అంటే మనం రాసే ఫైలు. బోర్డు అంటే ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఎవరిదో కంప్యూటరు, దాన్ని హోస్టింగ్ అంటారు. గుర్తు అంటే చిరునామా, దాన్ని డొమైన్ అంటారు.

ఫైలు రాసే పద్ధతి పేరు హెచ్‌టీఎంఎల్. టిమ్ బెర్నర్స్ లీ అనే ఆయన స్విట్జర్లాండ్‌లోని సెర్న్ ప్రయోగశాలలో పనిచేస్తూ దీన్ని తయారుచేశారు. మొదటి వెబ్‌సైటు 1991లో వచ్చింది. అందులో ఉన్నది మాటలూ లింకులే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ పద్ధతిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. మనం ఈ రోజు పైసా కట్టకుండా పేజీ పెట్టగలగడానికి ఆ నిర్ణయమే మూలం. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి: తొలి సైటే అంత సాదాగా ఉన్నప్పుడు మన తొలి పేజీ సాదాగా ఉందని సిగ్గుపడక్కర్లేదు.

పని వరస

ఒకటి. కాగితం మీద రాసుకోండి. పైన పేరు, కింద రెండు వాక్యాల పరిచయం, ఆ కింద అసలు విషయం. మొదటి రోజుకి ఒక్క పేజీ చాలు.

రెండు. దాన్ని హెచ్‌టీఎంఎల్‌లోకి మార్చండి. ఇందులో కిటుకు ఒక్కటే. ప్రతి ముక్క ముందూ వెనకా ఒక గుర్తు పెడతాం, దాన్ని ట్యాగ్ అంటారు. కోణం బ్రాకెట్ల మధ్య రాస్తాం. తెరిచే ట్యాగు ఒకటి, మూసే ట్యాగు ఒకటి, మూసేదానిలో ఏటవాలు గీత ఉంటుంది. పెద్ద శీర్షికకి హెచ్1, పేరాకి పీ, లింకుకి ఏ. ఈ మూడూ వస్తే పేజీ వచ్చినట్టే. ట్యాగులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి కాబట్టి గోడమీద రాయడం లేదు. పూర్తి నమూనా నా నోట్సులో ఒక పేజీ ఉంది, కావాల్సినవాళ్లు ఫోటో తీసుకోండి.

మూడు. ఫైలుకి ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని పేరు పెట్టండి. సైటు తెరవగానే ముందు వెతికేది ఆ పేరునే. మిగతా ఫైళ్ల పేర్లు కూడా చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి. పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ అక్కడ తేడా ఉంది.

నాలుగు. బోర్డు వెతుక్కోండి. ఉచితంగా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వాడింది గిట్‌హబ్ పేజెస్. నియోసిటీస్ కూడా కొత్తవాళ్లకి సులువు. గిట్‌హబ్‌లో ఖాతా తెరిచి, మన యూజర్‌నేమ్ పక్కన డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ చేర్చి ఆ పేరుతో ఒక రిపాజిటరీ పెట్టాలి. రిపాజిటరీ అంటే ఫైళ్ల సంచి అనుకోండి. అందులో ఇండెక్స్ ఫైలు వేసి, కమిట్ అనే బటన్ నొక్కితే కొద్ది నిమిషాల్లో పేజీ లోకానికి కనిపిస్తుంది. ఆ సంచి పేరే మన చిరునామా.

ఐదు. ముగ్గురి ఫోన్లలో తెరిచి చూడండి. ఒకటి పాత ఫోను అయితే ఇంకా మంచిది. అక్షరాలు మరీ చిన్నగా కనిపిస్తే పైన వ్యూపోర్ట్ అనే మెటా ట్యాగు ఉందో లేదో చూసుకోండి. ఫోను వెడల్పుకి పేజీని సర్దేది అదే.

తెలుగువాళ్లు చూసుకోవాల్సినవి

ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ భాగం దొరకదు.

మొదటిది యూనికోడ్. కంప్యూటరుకి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగుకి చోటు ఉంది. తెలుగుకి 128 గళ్లు ఇచ్చారు. మన "క" అంకె 3093. అయినా చాలా ఏళ్లు తెలుగు పత్రికలు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చి నడిపాయి. ఈనాడు ఫాంటు వేరు, వార్త ఫాంటు వేరు. ఆ ఫాంటు మన దగ్గర లేకపోతే పేజీ అంతా పిచ్చి గీతలు. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జునగారు "పద్మ" అనే పనిముట్టు చేశారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకి ఆద్యుడు కూడా ఆయనే.

ఇది పాత కథ అనుకోకండి. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన కవితని కాపీ చేసి పేజీలో పెడితే ఈ రోజుకీ అదే గందరగోళం. కాబట్టి యూనికోడ్‌లోనే టైపు చేయండి. ఫోనులో తెలుగు కీబోర్డు ఉంటుంది. కంప్యూటర్లో ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవచ్చు, లేదా వీవెన్‌గారి లేఖిని వాడొచ్చు. కీబోర్డు సూచించే మాట తొందరపడి నొక్కొద్దు. "చెనిక్కాయ" పోయి పుస్తకంలో మాట కూర్చుంటుంది.

రెండోది, ఫైలు మొదట్లో అక్షరాల పద్ధతి యూటీఎఫ్-8 అని చెప్పడం. ఒక్క లైనే. అది లేకపోతే బ్రౌజరు ఊహించుకోవాలి, ఆ ఊహ తప్పొచ్చు.

మూడోది భాష గుర్తు. తెలుగుకి టీ-ఈ, తమిళానికి టీ-ఏ అని రెండక్షరాల గుర్తులున్నాయి. చూపు లేనివాళ్లు ఫోను చదివి వినిపిస్తే వింటారు కదా, ఏ భాషలో చదవాలో ఫోనుకి చెప్పేది ఈ గుర్తే. నా పేజీలో ప్రతి మాటా ముందు తెలుగు లిపిలో, దాని కింద తమిళ లిపిలో ఉంది. తెలుగు అక్షరాలు రాని పిల్లలు తమిళ లిపిలో మా అవ్వ తెలుగు చదువుతున్నారు. రెండు భాషల ఇళ్లవాళ్లకి ఈ పద్ధతి పనికొస్తుంది.

నాలుగోది వరసల మధ్య ఎడం. మనకి పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లీషుకి సరిపోయే ఎడంలో పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుతుంది. అక్షరం ఎత్తుకి 1.7 లేదా 1.8 రెట్లు పెడితే కంటికి హాయిగా ఉంటుంది.

ఐదోది, లింకుల్లో తెలుగు పేర్లు. పెట్టొచ్చు, పనిచేస్తాయి. కానీ యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. లింకు కాపీ చేసినప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. "అవ్వ"లో నాలుగు గుర్తులున్నాయి: అ, వ, పొల్లు, వ. అంటే పన్నెండు బైట్లు, లింకులో 36 అక్షరాలు! అందుకే ఫైలు పేరు ఇంగ్లీషులో, పేజీలోపల తెలుగు.

గొంతు రికార్డింగు బరువు ఎక్కువేమో అని భయపడకండి. మాటలకి సెకనుకి 64 కిలోబిట్లు సరిపోతుంది. అలా అయితే ఒక నిమిషం దాదాపు 480 కిలోబైట్లే.

ఆడపిల్లలం, జాగ్రత్తలు

"అమ్మాయి పేరు ఇంటర్నెట్లో ఎందుకు?" అని ఇంట్లో అడుగుతారు. మా ఇంట్లోనూ అడిగారు. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు, జవాబు చెప్పాలి. సైటులో ఏం ఉండాలో పూర్తిగా మన చేతిలోనే ఉంటుంది. ముఖం ఫోటో అక్కర్లేదు, కలంపేరు పెట్టుకోవచ్చు. ఫోన్ నెంబరు, హాస్టల్ పేరు, బస్సు టైము ఎక్కడా రాయొద్దు. యూజర్‌నేమ్‌లో పుట్టిన సంవత్సరం, రోల్ నెంబరు వద్దు, అది చిరునామాలోనే కనిపిస్తుంది. గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ఈమెయిల్ దాచే అవకాశం ఉంది, మొదటి రోజే ఆన్ చేయండి. ఫోనుతో తీసిన ఫోటోలో తీసిన చోటు కూడా నమోదై ఉండొచ్చు, కెమెరాలో లొకేషన్ ఆపేసి తీయండి. సొంత డొమైన్ కొనడానికి తొందర వద్దు. దానికి ఏటా డబ్బు కట్టాలి, అసలు పేరూ చిరునామా ఇవ్వాలి, కట్టడం ఆపితే ఆ పేరు ఇంకొకరికి పోతుంది.

ఇతరుల విషయంలోనూ అంతే. అవ్వ గొంతు పెట్టేముందు ఆమెకి వినిపించి అడిగాను. రెండు సామెతలు వద్దంది, పక్కింటివాళ్ల మీద పుట్టినవట. తీసేశాను. కవుల రచనలు పెట్టాలనుకుంటే, మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయని గుర్తుంచుకోండి.

తర్వాత?

పేజీ పెట్టడం ఒక సాయంత్రం పని. దాన్ని బతికించడం వారానికి పది నిమిషాల పని. నేను ఆదివారం ఫోన్ చేసినప్పుడు అవ్వని రెండు మాటలు అడుగుతాను. "కయ్య" కింద ఆమె చెప్పిన వాక్యమే పెట్టాను: "కయ్యకి నీళ్లు కట్టినారా?" ఇప్పటికి 64 మాటలయ్యాయి. పోయిన నెల చిన్నాన్న చిన్నకూతురు తనంతట తానే ఒక మాట పంపింది, తమిళ లిపిలో రాసి: "బోకులు". గిన్నెలకి అవ్వ వాడే మాట. నేను రాసుకున్న జాబితాలో అది లేదు.

మన డిపార్ట్‌మెంట్‌లో నెల్లూరు, చిత్తూరు, హోసూరు, చెన్నై ఇళ్లనుంచి వచ్చినవాళ్లం ఉన్నాం. ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో తెలుగు. మొదలుపెట్టాలనుకునేవాళ్లు బుధవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక సెకండ్ ఇయర్ క్లాసుకి రండి. ఫోను, చార్జరు, కాగితం మీద రాసుకున్న ఒక్క పేజీ తెచ్చుకోండి. సాయంత్రం బస్సు టైముకి మీ పేజీ తెరుచుకుంటుంది.