నలుపు జబ్బు పేరు కాదు

ఈ ఎండాకాలం చింతలపూడిలో ఒక కుర్రాడు సాయంత్రం పూట మా ఇంటికి పరుగున వచ్చాడు. "మాస్టారూ, ఒక్కసారి రండి. డిస్కస్‌లు నల్లబడ్డాయి. మెట్రోజిల్ బిళ్లలు నూరి వేశాను, హీటర్ 34కి పెట్టాను. ఎంతకీ తేరుకోవడం లేదు" అన్నాడు.

వెళ్లి చూశాను. చెన్నై కొళత్తూరు నుంచి తెప్పించుకున్న ఆరు చేపలు తొట్టి వెనక మూల ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని ఉన్నాయి. ఒంటి మీద నిలువు చారలు బొగ్గుతో గీసినట్టు కనపడుతున్నాయి. రెండు చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. సంచిలో తీసుకెళ్లిన చుక్కల కిట్టుతో అమ్మోనియా చూశాను. పసుపుగా ఉండాల్సిన గాజు గొట్టం ఐదు నిమిషాల్లో ముదురాకుపచ్చకు తిరిగింది. పీహెచ్ 8 ఉంది. ఈ మధ్య తొట్టిలో ఏం మార్చారని అడిగాను. ఫిల్టర్ స్పాంజి నల్లగా ఉందని వాళ్లమ్మ సబ్బు పెట్టి ఉతికి, రెండు రోజులు ఎండలో ఆరేసిందట.

అదీ జబ్బు. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను విరిచే బాక్టీరియా ఎక్కువగా ఆ స్పాంజిలోనే బతుకుతుంది. అది పోయింది, విషం పెరిగింది, చేప నల్లబడింది. సగం నీళ్లు మార్చి, హీటర్ తగ్గించి, గాలి పెంచాం. నాలుగు చేపలు బతికాయి, రెండు తెల్లారేసరికి పోయాయి. ఆ రెంటినీ తీసుకుపోయింది అమ్మోనియా ఒక్కటే కాదు, మన చుట్టూ నోటి మాటగా తిరుగుతున్న ఒక తప్పుడు సలహా కూడా. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: డిస్కస్ నల్లబడి, తెల్లటి దారంలా విసర్జిస్తే అది హెక్సామిటా అనే పేగు జబ్బే. మెట్రోనిడజోల్ (మెట్రోజిల్) వేసి వేడి పెంచితే తగ్గిపోతుంది.

వాస్తవం: నలుపు జబ్బు పేరు కాదు. మనిషికి ఒళ్లు వెచ్చబడటం ఎలాంటిదో డిస్కస్‌కు నల్లబడటం అలాంటిది. ఏదో తేడా ఉందని చెబుతుందే తప్ప ఏం తేడానో చెప్పదు. ఒత్తిడి కలిగితే చర్మంలోని రంగు కణాలు విచ్చుకుని చేప ముదురు రంగుకు తిరుగుతుంది. ఆ ఒత్తిడి అమ్మోనియా వల్ల కావచ్చు, పీహెచ్ ఒక్కసారిగా మారడం వల్ల కావచ్చు. తొట్టిలో పెద్ద చేప చిన్నదాన్ని తరుముతుండవచ్చు. మొప్పల్లో పరాన్నజీవులు ఉండవచ్చు. వెనక అద్దానికి నల్ల కాగితం అంటించినా చేప ముదురు రంగుకు తిరుగుతుంది. ఇన్ని కారణాలకు ఒక్కటే మందా?

తెల్ల దారం సంగతీ అంతే. మేత మానేసిన చేప పేగులో తిండి ఉండదు, పేగు లోపలి జిగురే తెల్లగా సాగి బయటికి వస్తుంది. నాలుగు రోజులు తినని ఏ చేపైనా అలాగే విసర్జించవచ్చు. పేగులో ఉండే ఆ సూక్ష్మజీవిని పూర్వం హెక్సామిటా అనేవారు, ఇప్పుడు స్పైరోన్యూక్లియస్ అంటున్నారు. అది ఆరోగ్యంగా ఉన్న చేపల్లోనూ కొద్దిపాటి సంఖ్యలో ఉంటుంది. చేప బలహీనపడ్డాక విజృంభిస్తుంది. నీళ్లు చెడి చేప బలహీనపడితే, ఆ నీళ్లను అలాగే ఉంచి మందు వేసి లాభమేమిటి?

ఇక వేడి. ఇక్కడే ప్రాణాలు పోతున్నాయి. 28 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో గరిష్ఠంగా 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 34 డిగ్రీలకు వెళ్తే అది 7.1కి పడిపోతుంది. నీటిలో గాలి తగ్గే వేళకే చేప ఒంటికి గాలి అవసరం పెరుగుతుంది. అమ్మోనియాలో చేపను చంపే పాలు కూడా వేడితోనూ, పీహెచ్‌తోనూ పెరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో ఆ విషపు పాలు నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే ఏడు దాటుతుంది. మన మెట్టలో బోరు నీళ్లు చాలాచోట్ల సున్నపు పాలు ఎక్కువ ఉన్నవే. అలాంటి నీటిలో వేడి పెంచడం అంటే చేపకు ఊపిరి తగ్గించి విషం పెంచడమే. ఆ పైన మే నెలలో కరెంటు పోయి గాలి పంపు ఆగితే ఇక చెప్పేదేముంది?

హెక్సామిటా నిజంగా ఉంటే మెట్రోనిడజోల్ పనిచేస్తుంది, కాదనను. అది పేగు జబ్బు కాబట్టి, చేప తింటున్నంత కాలం మందు మేతలో కలిపి పెట్టడం మేలు. మోతాదు, రోజులు పశువైద్యుడు చెప్పాలి. కానీ ముందు ఉందని తేల్చుకోవాలి. తేల్చడం కష్టమేమీ కాదు. అప్పుడే పడిన విసర్జనను గొట్టంతో పీల్చి, ఒక చుక్క గాజు పలక మీద వేసి మైక్రోస్కోపు కింద చూస్తే, ఆ జీవులు గింగిరాలు తిరుగుతూ పరుగెడుతుంటాయి. చుక్క ఆరకముందే చూడాలి, చచ్చాక గుర్తుపట్టడం కష్టం. ఏలూరు, కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చేపల, రొయ్యల రైతుల కోసం ఆక్వా ల్యాబులు ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. అమ్మోనియా, పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ అక్కడ రోజూ చూస్తారు, మైక్రోస్కోపూ ఉంటుంది. దేశంలో చాలామంది అక్వేరియం పెంపకందార్లకు లేని సౌకర్యం మన గడపలో ఉంది. దాన్ని వదిలి పక్కింటాయన సలహా పట్టుకోవడం ఎందుకు?

కొల్లేటి చెరువు రైతును చూడండి. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే ఆయన మందుల షాపుకు పోడు. ముందు ఏరేటర్లు వేస్తాడు, నీళ్లు పెడతాడు. ఆ తర్వాత వల వేసి నాలుగు చేపలు పట్టి, మొప్పలెత్తి రంగు చూస్తాడు, పేను ఉందేమో వెతుకుతాడు. నీళ్లు, మొప్పలు, ఆ తర్వాతే మందు. తొట్టికీ ఇదే వరస.

మొప్పల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. డిస్కస్‌లో తరచుగా వచ్చి, తరచుగా హెక్సామిటా అనుకునేది మొప్ప పురుగు. చేప ఒక పక్క మొప్ప మూసి, రెండో దాంతోనే వేగంగా ఊపిరి తీస్తుంది. కర్రకో, స్పాంజికో ఒళ్లు రుద్దుకుంటుంది. దీని మీద మెట్రోనిడజోల్ పనిచేయదు. ప్రాజిక్వాంటెల్ పనిచేస్తుంది కానీ పురుగు గుడ్లను చంపలేదు. గుడ్లు పొదిగి పిల్లలు బయటికి వచ్చాక మళ్లీ వేయాలి. ఒక్కసారి వేసి "మందు పనిచేయలేదు" అనేవాళ్లు ఈ రెండో విడతను మరిచిపోయినవాళ్లే.

అపోహ: చెరువుల్లో వాడే ఆక్సీటెట్రాసైక్లిన్ పొడి తొట్టి నీళ్లలో కలిపితే అన్ని జబ్బులూ పోతాయి.

వాస్తవం: బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం ఆ మందును పట్టేసుకుంటాయి, చేపకు చేరేది కొంతే. పురుగులకు, వైరస్‌కు అది అసలు మందే కాదు.

అపోహ: బాదం ఆకు వేస్తే ఏ జబ్బూ రాదు.

వాస్తవం: ఏ జబ్బూ రాదనేది తప్పు. కానీ ఇందులో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. ఎండిన బాదం ఆకులో ఉండే టానిన్లకు బాక్టీరియా, బూజుల పెరుగుదలను కొంత అణిచే గుణం ఉంది. నీటికి టీ రంగు వచ్చి చేప బెదురు తగ్గుతుంది. మెత్తటి నీటిలో పీహెచ్ కూడా కాస్త దిగుతుంది, సున్నపు బోరు నీటిలో దిగదు. మందు కొట్టని చెట్టు ఆకులు ఏరి, కడిగి వేసుకోండి, తప్పులేదు. దాన్ని చూసుకుని నీళ్లు మార్చడం మానకండి.

మరికొన్ని అపోహలు:

డిస్కస్‌కు బోరు నీళ్లు పనికిరావంటారు. తొట్టెల్లో పుట్టి పెరిగిన చేపలు కాస్త గట్టి నీళ్లకు అలవాటు పడతాయి, రోజుకో రకం నీళ్లనే తట్టుకోలేవు.

నీళ్లు ఎక్కువ మారిస్తే జబ్బంటారు. క్లోరిన్ తీయని, వేడి సరిచూడని నీళ్లు పోస్తేనే జబ్బు.

తల మీద గుంతలు పడితే హెక్సామిటాయే అంటారు. దానికి ఒక్కటే కారణమని తేలలేదు.

చేప చస్తే ఇంటికి రావాల్సిన దోషం తీసుకుపోయిందంటారు. ఆ మాట నమ్మినవాళ్లు కారణం వెతకరు, తర్వాతి చేపా అలాగే పోతుంది.

మందు వాడక తప్పనప్పుడు వేరే తొట్టి పెట్టండి. అడుగున ఇసుక వద్దు, ఒక పాత స్పాంజి ఫిల్టరు, ఒక గాలి రాయి చాలు. ఫిల్టర్ స్పాంజిని ఎప్పుడూ తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. కొత్త చేపను నెలరోజులు విడిగా ఉంచండి.

ఇంకొక్క మాట. మందు కలిపిన నీళ్లు కాలవలో పారబోయకండి. మన పక్కన పారే తమ్మిలేరు వెళ్లి కలిసేది కొల్లేటిలోనే. 2002లో రామ్‌సార్ గుర్తింపు పొందిన సరస్సు అది, చుట్టూ జనం తినే చేపల చెరువులు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రొయ్యల సాగులో నిషేధించిన మందుల జాబితాలో మెట్రోనిడజోల్ ఉంది. రైతుకు వద్దన్న మందును మనం కాలవ దారిలో ఆ నీళ్లకు చేర్చడం న్యాయం కాదు.

రేపు మీ డిస్కస్ నల్లబడితే కంగారు పడకండి. మెట్రోజిల్ కోసం మందుల షాపుకు వెళ్లే ముందు తొట్టి నీళ్లు ఒక సీసాలో పట్టి పరీక్ష చేయించండి.